గుర్రప్పిల్లల పురుడు

అక్కా,

నా రాతలో తప్పులుంటే ఏమీ అనుకోకు. అక్షరాలు వంకరగా ఉంటాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో సగం మర్చిపోయాను. నాలుగో తరగతితో బడి మానేశాక మళ్ళీ ఎప్పుడు పలక పట్టాను కనుక? ఇక్కడ ఎవరూ రాయరు. గుమ్మం మీద బిగించిన పెట్టెకి, వాడ చెవి అంటాం, దానికి నోటితో చెబితే అదే విని, అదే పంపిస్తుంది. కానీ మా ఇంటి బాధ చెవి వినాల్సిన సంగతి కాదు. అందుకే నాచు కాగితం మీద రాస్తున్నాను. తడికి ఉబ్బి, పెన్ను జారిపోతోంది. సరుకుల పడవ పౌర్ణమి దాటితేగాని రాదట. అందాకా వీలు చిక్కినప్పుడల్లా కొంచెం కొంచెం రాసి, అన్నీ కలిపి పంపుతాను.

అమావాస్య

మా నీటిగుర్రాల రెండో కాన్పు పిల్లలు కూడా పోయాయి అక్కా.

పొద్దున తొట్టి అడుగునీళ్ళు లాగుతుంటే గొట్టంలోంచి అవే వచ్చాయి. బియ్యపు గింజంత పిల్లలు, తెల్లగా పాలిపోయి. ఇంకొన్ని పొట్టలు ఉబ్బి నీటి మీద పక్కకి ఒరిగి తేలుతున్నాయి. ఆరోగ్యంగా ఉన్న గుర్రప్పిల్ల తోకతో ఏదో ఒకటి పట్టుకుంటుంది. మేం వేలాడదీసిన దారాన్నో, ఏమీ దొరక్కపోతే పక్కపిల్ల మెడనో. వీటి తోకలు చాపినవి చాపినట్టే ఉన్నాయి.

వచ్చే ఏడు మీ వాడకి కూడా గుర్రాలు ఇస్తారని విన్నాను, అందుకని చెబుతున్నాను. వీటిలో ఆడది గుడ్లు తెచ్చి మగదాని కడుపు సంచిలో పెట్టి వెళ్ళిపోతుంది. మొయ్యడం, కనడం మగదే. కన్న తరువాత దానికీ పట్టదు. సాకడం మా పని. పెరిగిన పిల్లల్ని కట్టగడ్డిలో వదలాలి. అల నేరుగా మన ఇళ్ళున్న తెప్పల మీదికి రాకుండా నీళ్ళ అడుగున పెంచే గడ్డి ఉంది చూడు, అందులో గుర్రాలు నిలిస్తేనే గడ్డి బాగుందని గుర్రాలిచ్చే కేంద్రం ఒప్పుకుంటుంది.

చచ్చినవాటిని బకెట్టులో ఎత్తుకుని బయటికి వస్తుంటే పక్క తెప్ప మరిడమ్మక్క వలతాడు ఆరేస్తూ కనిపించింది. వాళ్ళకీ గుర్రాల తొట్టి ఉంది. వాళ్ళ పిల్లలు గడ్డిపరకలకు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి.

"ఏమే రత్నం, మీ మగగుర్రానికి మళ్ళీ నెల తప్పిందంట కదా! పుల్లమావిడికాయ పెట్టేవా?" అంది నవ్వుతూ.

తరువాత బకెట్టు చూసి, నవ్వు మింగేసి, తాడు వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ నవ్వు ఉండుంటేనే బాగుండేది.

విదియ

వాడ పెద్దగారి కబురు గుమ్మం చెవిలోంచి వచ్చింది. అన్నం తింటుండగా వచ్చింది. మూడో కాన్పు కూడా నిలవకపోతే తొట్లు వేరే ఇంటికి ఇస్తారట. మీ మరిదిని అవతలి గోడకి పంపుతారట. అలకి అడ్డుగా సముద్రంలో రాళ్ళు దించే పని. వెళ్ళినవాళ్ళు ఏడాదికి రెండుసార్లు వస్తే గొప్ప. మా పెళ్ళయింది మొన్న ఎండల్లోనే కదా. ఆయన ముందు తల ఎత్తి మాట్లాడటం ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది.

కబురు అయిపోయింది. ఆయన రొయ్యలు ఒలుస్తున్నారు. ఒలిచినవి ఒక్కటీ తినకుండా నా పళ్ళెంలో పెట్టారు. అత్త చూసింది. ఏమైనా అంటుందేమోనని నేను ముద్ద మింగకుండా కూర్చున్నాను.

"తినవే," అంది అత్త. "గోడా లేదు, ఏటీ లేదు. ఈపాలి కాన్పు నాను సూసుకుంటాను."

చవితి

కేంద్రం నుంచి వకుళ మేడమ్ వచ్చారు. మంచి మనిషి. పడవ దిగేసరికే అలిసిపోయి ఉన్నారు. మా చచ్చిన పిల్లల్ని అమావాస్యనాడే పంపించాం కదా, వాటి పొట్టలు చూశారట.

"మీకిచ్చిన మేతపొడీ, మరిడమ్మగారికిచ్చిన పొడీ ఒక్కటే. ఆవిడ పిల్లల పొట్టల్లో మంచి సూక్ష్మజీవులు నిండా ఉన్నాయి. మీ వాటిలో ఒక్కటి కూడా నిలవలేదు. ఖాళీగా ఉన్నచోట రోగం చేరింది. మేతలో సరిగ్గా కలుపుతున్నారా?" అని అడిగారు.

కలపడం నా పనే. పొడిని బెల్లంనీళ్ళలో, తవుడులో వేసి మూత వదులుగా పెట్టి ఉంచితే మర్నాటికి బుసబుస పొంగి పుల్లటి వాసన వేస్తుంది. మేం ఆడవాళ్ళం దాన్ని తోడు అంటాం. నలకంత ఉండే రొయ్యపిల్లల్ని ఆ తోడులో కాసేపు వదులుతాం. అవి దాన్ని తాగుతాయి, వాటిని గుర్రప్పిల్లలు తింటాయి. అలా తోడు వాటి పొట్టల్లోకి చేరుతుంది. వకుళ మేడమ్ నా బకెట్టు వాసన చూసి, చుక్క తీసి భూతద్దం కింద పెట్టి చూసి, "చాలా బాగుందమ్మా" అన్నారు. నాకు సంతోషం వెయ్యలేదు. తోడు బాగుంటే మరి తప్పు ఎక్కడుంది?

"ఈ తోడులోవి ప్రాణం ఉన్న జీవులు. వేడినీళ్ళు, మందులు, ఏవీ తగలకూడదు. తొట్టిలో బయటివి ఏమైనా వేస్తున్నారా? నిబంధన తెలుసు కదా, వేసినవాళ్ళని మళ్ళీ తొట్ల దగ్గరికి రానివ్వరు," అన్నారు మేడమ్.

"ఎయ్యట్లేదండి," అన్నారు మీ మరిది. నేనూ తల ఊపాను. 

ఆవిడ వెళ్ళాక అత్త చీపురు పుచ్చుకుని గుమ్మం ఊడ్చింది. "పురుగుల్ని తాగించి పిల్లల్ని బతికిత్తారంట. సదువులు ఎక్కువైపోయి వచ్చింది ఇదంతా."

సప్తమి

అత్త గురించి నీకు చెప్పాలి. ఈ వాడలో నా వయసు వాళ్ళందరినీ భూమ్మీదికి తీసింది అత్తే. అంటే, అప్పటికే భూమి లేదు, తెప్ప మీదికి. గాలివానలో ఊగే తెప్ప మీద మోకాళ్ళ మీద కూర్చుని మరిడమ్మక్క తల్లికి పురుడు పోసిందట. మీ మరిది పుట్టినప్పుడు తన పురుడు తనే పోసుకుందట. కేంద్రంలో కాన్పుల గది పెట్టాక అత్తని పిలిచేవాళ్ళు లేరు. నెలలు నిండినవాళ్ళని తెల్లపడవ వచ్చి తీసుకుపోతుంది. అత్త గుమ్మంలో నిలబడి ఆ పడవ వెళ్ళేదాకా చూస్తుంది.

మా ఇంటికి గుర్రాలు వచ్చాక అత్తకి మళ్ళీ పని దొరికింది. నిండుగా ఉన్న మగగుర్రం ముందు పీట వేసుకుని కూర్చుంటుంది. "ఓర్సుకోరా అయ్యా, తొలిసూలప్పుడు అలాగే ఉంటది," అని దానితో మాట్లాడుతుంది. అది కన్న పూట నుంచి పదకొండో రోజు దాకా రోజూ పసుపు, వేపాకు మరిగించి చల్లార్చి, ఒక చెంబుడు తొట్టిలో పోస్తుంది. పురుటి నీళ్ళు. బాలింతకీ బిడ్డకీ ఎవరైనా పోస్తారు కదా. ఆ పసుపు కూడా కొన్నది కాదు, తెప్ప మూల కుండీలో తనే పెంచుకున్నది.

ఈ రోజు మూడో మగగుర్రానికి తొట్టి సిద్ధం చేద్దామని పాతదాన్ని తోముతున్నాను. నీళ్ళు నిలిచినంత మేరా గోడకి పసుపుపచ్చటి చార ఉంది. పీచుతో రుద్దినా పోలేదు. మందులు తగలకూడదు అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. వేలు తెగితే మనం పసుపు ఎందుకు పెడతాం అక్కా? చీము పట్టకుండా. అంటే పురుగు చావాలనే కదా. అది చెడ్డ పురుగూ మంచి పురుగూ అని చూసి చంపుతుందా? చవితినాడు మేడమ్‌కి చెప్పింది అబద్ధమని మా ఇద్దరికీ అప్పుడు తోచలేదు అక్కా, ఒట్టు.

చేతిలో పీచు పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

నవమి

నిన్న రెండు ముంతల్లో తోడు పోసి బెల్లంనీళ్ళు కలిపాను. ఒకదాంట్లో అత్త మరిగించే మోతాదులోనే పసుపు వేపాకు నీళ్ళు కలిపాను. ఈ పొద్దుటికి ఒకటి పొంగి మూత పక్కకి జరిగింది. రెండోది పచ్చగా, కదలకుండా, పోసింది పోసినట్టే ఉంది.

ఆయన్ని నీళ్ళు లాగే పంపు దగ్గరికి రమ్మన్నాను. ఆ మోతలో చెవికి మన మాట వినిపించదు. మొగుణ్ణి పంపు దగ్గరికి పిలిచానని మరిడమ్మక్క చూసి దగ్గింది. సిగ్గుతో చచ్చిపోయాను. రెండు ముంతలూ చూపించాను.

ఆయన ముంతలు పైకెత్తి చూశారు. ముంతలో వేలు పెట్టి వాసన చూశారు.

"అమ్మకి నాను సెప్పలేను రత్నం."

"మరెవరు సెప్తారు?"

"నీ సేత్తో నువ్వే సంపేవు అని ఎలా సెప్పమంటావు? ఆ సెంబు లాగేసుకుంటే అమ్మకి ఇంకేటుంది? గోడకి పంపితే పోతాను. అక్కడా మనుషులే ఉంటారు కదా."

"నానుండను కదా," అన్నాను.

నోటినుంచి వచ్చేసింది. పెళ్ళయ్యాక ఆయనతో అంత మాట అనడం అదే మొదలు. ఆయన నా వైపు చూసి, ఏదో అనబోయి, పంపు ఆగిపోవడంతో నోరు మూసుకున్నారు.

ఏకాదశి

అత్తకి ఇంకా చెప్పలేదు. పసుపు డబ్బా దాచేద్దామనుకున్నాను. కుండీలో మొక్క పీకేస్తే సరిపోతుందా? వకుళ మేడమ్ చేత చెప్పిస్తే అత్తని తొట్ల దగ్గరికే రానివ్వరు. అన్నిటికన్నా అదే పాపం అనిపించింది. రోజంతా బకెట్లు మోస్తూ అదే ఆలోచన. నడుం విరిగిపోతోంది. మగగుర్రం సంచి గిన్నెలా ఉబ్బింది. అత్త దాని ముందునుంచి లేవడంలేదు.

త్రయోదశి

వెలుగు రాకముందే పంపు వేసి వచ్చేసరికి కాన్పు మొదలైంది. మగగుర్రం గడ్డికి తోక చుట్టి ముందుకు వంగుతోంది. వంగినప్పుడల్లా సంచి నోరు తెరుచుకుని పిల్లలు గుప్పెడు గుప్పెడు బయటికి వస్తున్నాయి. పుట్టీపుట్టగానే అచ్చం గుర్రాలే. అత్త పీట మీద ఉంది. "అంతేరా అయ్యా, అంతే. ఇంకొక్కపాలి," అంటోంది. ఆఖరి పిల్ల వచ్చాక మగగుర్రం రంగు మారి నీరసంగా కిందికి దిగింది. అత్త కొంగుతో మొహం తుడుచుకుని లేచి చెంబు అందుకుంది.

నేను తొట్టికీ ఆవిడకీ మధ్య నిలబడ్డాను.

"అడ్డు లే."

"అత్తా, వొద్దు."

"ఏటి వొద్దు?"

"పురుటి నీళ్ళు పొయ్యొద్దు." ఆవిడ మొహం చూడలేక చేతిలో చెంబే చూస్తున్నాను.

"ఎవతివే నువ్వు నాకు సెప్పడానికి? నీ మొగుడు ఎవరి సేతిలో పడ్డాడో తెలుసా? ఈ వాడలో ఏ కడుపు ఎటు తిరిగిందో సెప్పమను, కళ్ళు మూసుకుని సెప్తాను. మొన్నొచ్చిన పిల్లవి, ఒక్క పురుడైనా సూసేవా?"

"సూళ్ళేదు అత్తా. నువ్వే సెప్పు. బిడ్డ పుడితే పసుపు ఎక్కడ రాత్తావు?"

"ఎక్కడ రాత్తారే? ఒంటికి."

"నోట్లో పోత్తావా?"

"నీకు మతి పోయిందా? పసికందుకి పసుపునీళ్ళు నోట్లో ఎవరైనా పోత్తారా? కడుపుబ్బి సచ్చిపోదూ!"

అనేసి ఆగిపోయింది.

నేను ఇంకేమీ అనకుండా ఉండాల్సింది. కానీ ఇన్ని రోజులూ లోపల దాచుకున్న మాట, ఆగలేదు. "ఈటికి ఒళ్ళు వేరు, నోరు వేరు లేదు కదా అత్తా. ఒంటికి పోసిందే తాగుతాయి. ఏరే నీళ్ళు ఎక్కడున్నాయి ఈటికి?"

పంపు కొట్టుకుంటోంది. అత్త తొట్టిలోకి చూసింది. పిల్లలు అప్పుడే పైకీ కిందికీ తిరుగుతూ పట్టుకోవడానికి ఏదో వెతుక్కుంటున్నాయి. ఆవిడ పెదవులు కదిలాయి. లెక్క పెట్టుకుంటోందేమో, పోయిన రెండు కాన్పుల్ని.

"పొట్టలుబ్బే పోయాయి కదే," అంది నెమ్మదిగా.



ఆవిడ చెంబు కింద పెట్టింది. పొయ్యలేదు, పారబొయ్యలేదు. అలా పెట్టి, పీట ఎత్తి గోడకి ఆనించి, లోపలికి పోయి అటు తిరిగి పడుకుంది. తోడు తాగిన రొయ్యపిల్లల్ని నేనొక్కదాన్నే తొట్టిలో వదిలాను. గెలిచినట్టు లేదు అక్కా. ఎవర్నో కొట్టినట్టుంది.

పౌర్ణమి

అత్త మాట్లాడటంలేదు. గంజి తాగుతోంది, అంతే. ఆయన తల్లి పక్కన కూర్చుని వల అల్లుతున్నారు. నన్ను ఏమీ అనలేదు, నా వైపు చూడనూలేదు. పిల్లలు మాత్రం తింటున్నాయి. దారాలకి తోకలు చుట్టుకుని వేలాడుతున్నాయి. పైన ఒక్కటీ తేలలేదు. చూస్తే ఏడుపొచ్చింది. చూసి సంతోషపడటానికి పక్కన ఎవరూ లేరు.

మధ్యాహ్నం మరిడమ్మక్క ఖాళీ బిందెతో వచ్చింది. వాళ్ళ మగగుర్రం ఈ పూటో రేపో కంటుందట. అత్త మంచం మీదికి వంగి గొంతు తగ్గించి అడిగింది.

"కాసులమ్మత్తా, కొద్దిగా పురుటి నీళ్ళు పొయ్యవా? మీ ఇంటి రోగం మా తొట్లోకి వచ్చేత్తాదేమోనని బెంగగా ఉంది. నీ సేతి నీళ్ళు పడితే పిల్లలకి బలం. మా వరసంతా అదే అనుకుంటన్నారు, అందరూ అడుగుదామనే ఉన్నారు."

తొట్టి దగ్గర గొట్టం పట్టుకుని నేను విన్నాను. అక్కణ్ణుంచి గట్టిగా చెబుదామంటే గుమ్మం మీద చెవి ఉంది. మాట బయటపడితే అత్తకి తొట్లు లేవు. చెప్పకపోతే వరసలో ఉన్న తొట్లన్నిట్లో పసుపు పడుతుంది. గుడ్లప్పగించి నిలబడ్డాను.

అత్త మంచం మీదనుంచి లేచింది. జుట్టు ముడేసుకుంది. మరిడమ్మక్క చెయ్యి పట్టుకుని బరబరా పంపు దగ్గరికి లాక్కుపోయింది. మోతలో ఏం చెప్పిందో నాకు వినబడలేదు. మరిడమ్మక్క చెయ్యి నోటి మీదికి వెళ్ళడం చూశాను. అత్త తన పొట్ట మీద తనే తట్టుకుని ఏదో చూపించింది. తరువాత ఇద్దరూ మా తొట్టి దగ్గరికి వచ్చి వంగి పిల్లల్ని చూశారు.

"పద, ముందు నీ మగోణ్ణి సూద్దాం. సంచి ఏపాటి దిగిందో," అంది అత్త. వెళుతూ వెళుతూ నా వైపు తిరిగింది. మూడు రోజుల్లో నాతో అన్న మొదటి మాట: "ఆ తోడు బకెట్టు ఇటియ్యి. రొయ్యపిల్లల్ని ఎంతసేపు నాననియ్యాలే?"

ఇచ్చాను. చెప్పాను.

బహుళ దశమి

పడవ ఆలస్యమైంది, రేపు వస్తుందట.

మా పిల్లలకి పదకొండో రోజు దాటింది. వకుళ మేడమ్ వచ్చి చూసి, గడ్డిలో వదలడానికి సరిపోతాయని చెవికి చెప్పారు. మీ మరిదిని గోడకి పంపడంలేదని వాడ పెద్ద కబురు పెట్టారు. ఆయన ఆ మాట విని బయటికి వెళ్ళి, నాలుగు పీతలు పట్టుకొచ్చి, వాటిని నేనే వండాలని నా ముందు పెట్టి, నవ్వారు. ఆయన నవ్వితే పక్కపన్ను కనబడుతుందని నాకు ఇప్పటిదాకా తెలియదు.

"ఈసారి ఏం మార్చారు?" అని వకుళ మేడమ్ అడిగారు. నేను నేల చూశాను. అత్తే జవాబు చెప్పింది. "ఏటీ లేదమ్మా. పెద్దదాన్ని, సెయ్యి పడింది."

మేడమ్ మా ఇద్దరినీ చూశారు. ఇంకేమీ అడక్కుండా పడవ ఎక్కారు.

ఇప్పుడు మా వరసలో ఏ మగగుర్రం నిండినా అత్తకి పిలుపు వస్తోంది. పొద్దున్నే తోడు బకెట్టు పట్టుకుని తెప్ప మీదనుంచి తెప్ప మీదికి వెళ్ళిపోతుంది. తొలిమేత తన చేత్తోనే వెయ్యాలి. వేశాక ఇంటావిణ్ణి పంపు దగ్గరికి తీసుకుపోయి, ఒంటికి రాసేది నోట్లో పొయ్యకండే అని చెబుతుంది. పొద్దుగూకితేగాని ఇంటికి రాదు. వచ్చాక కాళ్ళు చాపి, ఎవరి గుర్రం ఎంత అల్లరి పెట్టిందో చెప్పి, అన్నం తిని నిద్రపోతుంది. తోమడం, నీళ్ళు లాగడం, రొయ్యపిల్లల్ని పొదిగించడం, మూడు తొట్లూ నేనొక్కదాన్నే చూసుకుంటున్నాను. ఇది రాస్తుండగానే కళ్ళు మూతలు పడుతున్నాయి.

మీ వాడకి గుర్రాలు వచ్చినప్పుడు తొట్టిలో పసుపు పడనివ్వకు. ఎవరు చెప్పారంటే నీకే తోచిందని చెప్పు. చదివాక ఈ ఉత్తరం కాల్చెయ్యి అక్కా. నీళ్ళలో వెయ్యకు, నాచు కాగితం మునగదు, తేలుతూ ఏ గుమ్మానికో చేరుతుంది. మీకు పొయ్యి వెలిగించే వంతు ఏ పూటో, అందాకా రవికెలో దాచుకుని, పొయ్యి అంటుకోగానే ముందు దీన్నే పెట్టు. బూడిద అయ్యేదాకా పక్కనే ఉండు.

నీ చెల్లెలు
నూకరత్నం